నీలినీళ్ల తొట్టి

సూర్యాపేటలో బస్సులు ఆగే చోటికి కాస్త ఎగువన, బెజవాడ రోడ్డు పక్కన సోమాచారి దుకాణం ఉండేది. ముందు గది దుకాణం, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో ఓ మూల తాటాకు పాక. ముందు గది సోమాచారిది. వెనక ఇల్లు అతని భార్య సులోచనది. తాటాకు పాక కూడా ఆమెదే, కాకపోతే నెలకు కొన్నాళ్లు మాత్రం. ఆ కొన్నాళ్లు ఆమె ఇంట్లో అడుగుపెట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు, ముందు గది వైపు తొంగి చూడకూడదు. చెవులు మాత్రం మూసుకోమని ఎవరూ అనలేదు గనక పాకలో కూర్చుని వినేది.

"ఇసుక పడ్డది! మళ్ల ఇసుక పడ్డది!"

ఆ కేక వినపడగానే సులోచన కొంగు తల మీదికి లాక్కునేది. సోమాచారిది మామూలు గొంతు కాదు. అతను ముందు గదిలో అరిస్తే రోడ్డు మీద ఎడ్లబండి తోలేవాడు కూడా తిరిగి చూసేవాడు. "ఏమైంది ఆచారీ?" అని ఎవరైనా అడిగితే, దాపరికం లేకుండా చెప్పేవాడు: "ఇంటామె బయట ఉన్నది గద. ఇగ పని ఎట్ల నిలుస్తది?" మర్నాడు బావి దగ్గర ఆడవాళ్లు సులోచన మొహంలోకి చూసి, చూడనట్టు చేద లాక్కునేవారు.

ఆ ఇసుక సంగతేమిటో చెప్పాలి. సోమాచారి ఇత్తడి సామానుకు రాగి పూత వేసేవాడు. నిప్పు లేకుండా, సుత్తి లేకుండా, కరెంటుతో. సికింద్రాబాదులో ఒక పూతల కార్ఖానాలో కొన్నేళ్లు చాకిరీ చేసి నేర్చుకొచ్చిన విద్య. సూర్యాపేట ఇళ్లకు అప్పటికింకా కరెంటు లేదు. ధాన్యం మిల్లులో ఆయిల్ ఇంజనుకు డైనమో తగిలించి ఉంటే, పాత లారీ బ్యాటరీలు అక్కడికి మోయించి నింపించుకునేవాడు. తొట్టిలో మైలుతుత్తం అనే రాగి ఉప్పు కరిగించిన నీలినీళ్లు, అందులో కొంచెం తేజాబు, అంటే గంధకామ్లం. ఒక పక్క రాగి పలక, ఇంకో పక్క పూత కావలసిన చెంబో దీపపు కుందో వేలాడదీసి తీగలు తగిలిస్తే, పలకలోని రాగి నీళ్లలో కరిగి, ఎవరూ ముట్టకుండానే వెళ్లి చెంబుకు పట్టేది. చూడ్డానికి జనం గుమ్మం దగ్గర గుమిగూడేవారు. బాగా పట్టినప్పుడు పూత చంటిపిల్ల చెంపలా నున్నగా ఉండేది. పట్టనప్పుడు అంచుల మీద, మూలల మీద ఎర్రటి గింజలు లేచి, చెయ్యి పెడితే గరగర గీరుకునేది. దాన్నే అతను ఇసుక పడటం అనేవాడు.

ఇసుక ఎందుకు పడుతుందో సికింద్రాబాదు యజమాని చెప్పలేదు. చెప్పకపోతే మనిషి ఊరుకోడు కదా, తనంతట తానే ఒక కారణం వెతుక్కుంటాడు. సోమాచారికి దొరికిన కారణం మడి. తెల్లారి స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని, విశ్వకర్మకు దండం పెట్టుకుని గానీ నీలినీళ్ల దగ్గరికి వెళ్లేవాడు కాదు. అంత నిష్ఠగా ఉన్నా నెల నెలా ఇసుక పడుతోందంటే తప్పు తనది కాదు, ఇంట్లో వేరే ఎవరిదో అయి ఉండాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

సులోచన పుట్టిల్లు కోదాడ. వాళ్ల నాన్న వడ్రంగి. పెళ్లయిన కొత్తలో అల్లుడు పూతలకు తొట్టి కావాలంటే, ఆ పెద్దాయన టేకు పలకలతో తొట్టి చేసి, సందులు అతికి, లోపల మైనం, లక్క పట్టించి, బండి మీద తానే తెచ్చి దించి వెళ్లాడు. ఆయన పోయాక సులోచనకు నాన్న జ్ఞాపకంగా ఆ తొట్టి ఒక్కటే మిగిలింది. కాలం గడిచేకొద్దీ మూలల్లో లక్క బీటలిచ్చింది. నీలినీళ్లు ఎండకు కాస్త వేడెక్కితే తొట్టిలోంచి సన్నగా ఒక వాసన లేచేది. నాన్న పెరట్లో వచ్చే వాసన. ముందు గది ఊడవడానికి వెళ్లినప్పుడు సులోచన ఆ వాసన కోసం తొట్టి దగ్గర ఒక్క క్షణం ఎక్కువే నిలబడేది.

ఆమె బయట చేరిన రోజు మాత్రం సోమాచారి తొట్టికి శుద్ధి చేసేవాడు. నీలినీళ్లన్నీ తోడి, దంచిన బొగ్గు పొడిలో కలిపి, గుడ్డల్లో వడకట్టి, తొట్టిని చింతపండుతో తోమి, కడిగి మళ్లీ పోసేవాడు. ఇంత చేసినా ఆ మర్నాటి నుంచే ఇసుక. కొన్నాళ్లు పోయాక దానంతటదే తగ్గేది. వచ్చే నెల మళ్లీ మొదలు. లెక్క ఎక్కడా తప్పేది కాదు.

మొదట్లో సులోచన కూడా నమ్మింది. అదే ఆమెకు తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఒళ్లు మండించిన విషయం. తన ఒంట్లోనే ఏదో చెడు ఉందని, అది గోడలు దాటి వెళ్లి రాగిని పాడు చేస్తోందని నమ్మి, పాకను ఇంకొంచెం దూరంగా వేయించమని తానే అడిగింది. పిల్లలు కలగకపోతే దాన్ని కూడా సోమాచారి ఇసుక ఖాతాలోనే వేశాడు. ఆమె ఎదురు చెప్పలేదు. చెప్పడానికి చేతిలో ఏముంది?

తర్వాత రజాకార్ల రోజులు వచ్చాయి. దుకాణం మూతపడింది, మిల్లు ఇంజను ఆగింది, నీలినీళ్లు జాడీల్లో మూలనపడ్డాయి. పోలీసు యాక్షన్ అయ్యాక రోడ్డు మీద మళ్లీ లారీలు తిరగడం మొదలైంది. పట్నానికి పారిపోయిన దొరలు ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. దామరచర్ల పక్క ఊరి దొరసాని ఆండాళమ్మ అలా తిరిగొచ్చి, తమ ఇంటి గుడి తలుపు తెరిపించి చూసుకుంది. స్వామి కవచం ఉంది గానీ, స్వామి ముఖం లేదు.

ఎవరూ ఎత్తుకుపోలేదు. తరతరాలుగా చందనం రాసి, తుడిచి, కడిగి, ఇత్తడి కవచం మీద ముక్కూ పెదవులూ అరిగిపోయాయి. అక్కడక్కడా చిల్లులు. కొత్తది చేయిద్దామంటే ఆ ఇంటి కట్టుబాటు ఒప్పుకోదు. పూజలందుకున్న కవచాన్ని నిప్పులో పెట్టకూడదు, సుత్తితో కొట్టకూడదు. అందుకే ఎర్రబట్టలో చుట్టుకుని, మిర్యాలగూడ మీదుగా సూర్యాపేటకు వచ్చి సోమాచారి ముందు పెట్టింది.

"నిప్పు తగలొద్దు, సుత్తి తగలొద్దు. పైన రాగి పెరగాలె. స్వామి మొఖం మళ్ల కనపడాలె. అయితదా?"

"అయితది దొరసానమ్మా. అరిగిన కాడ మైనంతోటి దిద్ది, నల్లసీసం పొడి రాసి, మీద రాగి పెంచుత. గిది నా అసుంటోని పనే."

"మడి?"

"నా మడి సంగతి సూర్యాపేటల ఎవలనన్న అడుగున్రి," అన్నాడు సోమాచారి. వెనక తలుపు సందులోంచి విన్న సులోచనకు నవ్వు రాలేదు.

కవచం కోసం సోమాచారి బెజవాడ నుంచి తెల్లటి పెద్ద పింగాణీ తొట్టి తెప్పించాడు. మామగారి చెక్క తొట్టి ఇన్నేళ్లూ సులోచన ఉన్న ఇంట్లో ఉన్నది గనక స్వామికి పనికిరాదట. దాన్ని లాక్కెళ్లి తాటాకు పాకలో పడేశాడు. పాత నీళ్లు పారబోశాడు. కొత్త మైలుతుత్తం, కొత్త తేజాబు, కొత్త రాగి పలక. ముందుగా చిన్న ఇత్తడి రేకు ఒకటి వేసి చూశాడు.

ఇసుక పడింది. ఇంకో రేకు వేశాడు. ఇసుకే. బొగ్గుతో వడకట్టాడు, ఉపవాసం ఉన్నాడు, తల గొరిగించుకున్నాడు. ఇదివరకు కొన్నాళ్లకైనా తగ్గేది, ఈసారి అసలు తగ్గలేదు. చివరికి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు కోదాడకు పో. కవచం పని అయినంక నేను కబురు పంపుత. పని చెడిపోయిందనుకో, కబురు రాదు. ఇగ నువ్వు ఈ గడప తొక్కేది లేదు."

"నేనేం చేశానండీ?" అంది సులోచన.

"ఏం చెయ్యకున్న అయితున్నది గద, గదే నా పరేషాన్."

ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువగా ఉందని ఆమెకు తెలిసింది. తెలిస్తే మాత్రం ఏం లాభం? మూట కట్టుకుని మునగాల మీదుగా పోయే బస్సెక్కింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మొగుడు వదిలేసిన ఆడది అన్న ఇంట్లో ఏ మూల కూర్చోవాలి, ఏమని కూర్చోవాలి? ఇసుక వల్ల వదిలేశాడని చెప్పాలా?

నాన్న వడ్రంగం పనే చేసుకుంటున్న అన్న బ్రహ్మయ్య ఏమీ అడగలేదు, వదిన అడగాలని ఉన్నా ఆపుకుంది. కొన్నాళ్లకు మంగ్త్యా వచ్చాడు. సోమాచారి బ్యాటరీలు మోసుకొచ్చే లారీ డ్రైవరు. బెజవాడ వెళ్తూ లారీ రోడ్డు మీద ఆపి, పెరటి గుమ్మంలో నిలబడి కబురు చెప్పాడు.

"ఆచారి ఇంక ఇసుక ఇసుక అని ఒర్లుతనే ఉన్నడమ్మా. తిండి గూడ సరిగ తింటలేడు."

"నేను అక్కడ లేను కదా మంగ్త్యా! ఇప్పుడెవరి వల్ల పడుతోందట?"

మంగ్త్యా తలపాగా సర్దుకుని నేల చూశాడు. "నువ్వు పోయినా నీ మైల పోలేదంటున్నడు."

లారీ వెళ్లిపోయింది. సులోచనకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే, పెరటి వైపు నుంచి దేవమ్మ వచ్చింది.

దేవమ్మ సులోచన చిన్నప్పటి నుంచీ ఆ ఇంటికి బంక తెచ్చే మనిషి. ఊరవతల వాళ్ల గూడెంలో తోలు గీరగా వచ్చిన ముక్కలు, నరాలు సున్నంలో నానేసి, కడిగి, రోజంతా ఉడికించి, ఆరబెట్టి బిళ్లలు చేస్తారు. వడ్రంగులు వజ్రం అనేది ఆ తోలు బంకనే. దేవమ్మ ఎప్పటిలాగే బిళ్లలను చేతికివ్వకుండా బండ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. అందరికీ అలవాటైన పద్ధతి, ఎవరూ వింతగా చూడని పద్ధతి. ఆ రోజు మాత్రం సులోచన చూసింది. తన పాక గుర్తొచ్చింది.

బ్రహ్మయ్య ఒక బిళ్ల విరిచి నీళ్లలో నానబెట్టిన కుండను పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి వాసన లేచింది.

సులోచన కూర్చున్న చోటనే నిటారుగా అయిపోయింది. ఇది తొట్టి వాసన. నీలినీళ్లు ఎండకు వేడెక్కినప్పుడు వచ్చే వాసన. నాన్న పెరటి వాసన అనుకుంటూ వచ్చింది గానీ, పెరట్లో దేని వాసన అని ఎన్నడూ అనుకోలేదు.

"అన్నా, మన నాన్న ఆ తొట్టి సందులు దేనితో అతికాడు?"

"దేనితో అతుకుతారు? ఈ వజ్రంతోనే."

"లక్క బీటలిచ్చి నీళ్లు తగిలితే?"

"కొంచెం కొంచెంగా కరిగి నీళ్లలోకి పోద్ది. ఎందుకు చెల్లే?"

ఇన్నేళ్లూ సోమాచారి ఇసుక పడ్డ రోజులు గుర్తుపెట్టుకున్నాడు, ఆమె వాసన ఉన్న రోజులు గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. వాసన ఉన్న రోజుల్లో పూత నున్నగా ఉండేది. ఆమె బయట చేరగానే ఆయన బొగ్గుతో వడకట్టేవాడు. బొగ్గు వాసనను తినేస్తుందని ఏ వంటింటి ఆడదానికి తెలియదు? వాసన పోయేది, దానితో బంక పోయేది, ఇసుక పడేది. కొన్నాళ్లకు సందుల్లోంచి మళ్లీ బంక ఊరి, పని కుదుటపడేది. కొత్త పింగాణీ తొట్టికి సందూ లేదు, బంకా లేదు. ఇసుక తెచ్చింది తను కాదు, తన పేరు చెప్పి చేసిన శుద్ధి!

ఇప్పటి చదువుకున్నవాళ్లు దీన్ని ఇంకా విడమరిచి చెబుతారు. తోలులో, పాలలో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు నీళ్లలో కరెంటు పారే లోహాన్ని పట్టుకుని పలచని పొర కడతాయట. రాగి ఎక్కడ ఆత్రపడి కుప్పగా చేరబోతుందో అక్కడే అవి అడ్డంగా కూర్చుంటాయట. దాంతో రాగి తోసుకోకుండా అంతటా సమానంగా సర్దుకుంటుందట. సులోచనకు ఇదేమీ తెలియదు. తన తప్పు లేదని మాత్రం తెలిసింది. ఆ పూటకు అది చాలు. పొయ్యి ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. బ్రహ్మయ్య కంగారుపడి వదినను కేకేశాడు.

వెళ్తున్న దేవమ్మను ఆపి అడిగింది. "దేవమ్మా, ఈ బంక దేవుడి పనికి వాడొచ్చంటావా?"

"మా గుడిల పాటల పుస్తకం పెట్టే బల్ల దీనితోనే అతికిండు మీ నాయన," అంది దేవమ్మ. "మీ గుడి తలుపులు గూడ దీనితోనే. ఏ దేవుడు ఏమన్నడో నాకైతే ఎరుక లేదు తల్లీ."

ఆ రాత్రి సులోచనకు ఒక సులువైన దారి కనిపించింది. వెళ్లి చాటుగా కొంచెం బంకనీళ్లు తొట్టిలో పోస్తే సరి. కవచం నున్నగా వస్తుంది, తన కాపురం నిలుస్తుంది. ఆయన మాత్రం తన మడి ఫలించిందనుకుంటాడు. ఎప్పుడైనా మళ్లీ ఇసుక పడితే మళ్లీ తన పేరే అరుస్తాడు. కాపురం దక్కుతుంది గానీ పేరు దక్కదు. ఎంత ఆలోచించినా ఆమెకు రెండోదే ఎక్కువ కావాలనిపించింది. అలా అనిపించినందుకు తనకే కొంచెం భయం వేసింది.

కబురు రాకుండానే బయల్దేరింది. మూటలో రెండు బంక బిళ్లలు. మునగాల దాటాక బస్సులోనే బయట చేరింది. ఇదేం తమాషా, అనుకుంది. సూర్యాపేటలో దిగి, ముందు గుమ్మం వైపు వెళ్లకుండా సందులోంచి పెరట్లోకి వచ్చి, తిన్నగా పాకలో కూర్చుంది. నాన్న చేసిన తొట్టి అక్కడే ఉంది, పిడకలు నింపుకుని. ఒక బిళ్ల విరిచి కొబ్బరి చిప్పలో నానబెట్టింది.

మర్నాడు పొద్దున ముందు గదిలో ఆండాళమ్మ గొంతు వినపడింది. "ఎన్ని దినాలు ఆచారీ? కాదంటే చెప్పు, పట్నం పంపుకుంట."

"ఒక్క వారం ఆగున్రి దొరసానమ్మా. జర మైల తగిలింది, శుద్ధి చేస్తున్న..."

సులోచన లేచింది. ఎండలో పెట్టిన కొబ్బరి చిప్పలో బంక కరిగి, గోధుమరంగు నీళ్లయింది. చిప్ప పట్టుకుని పెరడు దాటి, వంటిల్లు దాటి, ఆ రోజుల్లో తొక్కకూడని గడపలన్నీ తొక్కుకుంటూ ముందు గదిలోకి వచ్చి నిలబడింది. సోమాచారి తొట్టికి అడ్డం జరిగాడు.

"నువ్వు... నువ్వు ఎప్పుడొచ్చినవ్? బయట ఉన్నవా?"

"బయట ఉన్నాను. ఉండే వచ్చాను." దొరసాని వైపు తిరిగింది. "అమ్మా, కవచం జోలికి పోను. ఒక రేకు వేయించండి. నేను ఈ నీళ్లు పోస్తాను. ఇసుక పడిందా, ఈ పొద్దే కోదాడ పోతా, మళ్లీ రాను. పడలేదా, ఈయన ఇంకెన్నడూ నా మైల మాట ఎత్తకూడదు. మీరే సాక్షి."

"పిచ్చి లేసిందా నీకు!" సోమాచారి చెయ్యెత్తబోయాడు.

"ఎయ్యనియ్యి ఆచారీ," అంది ఆండాళమ్మ. ఆమెకు కుతూహలం కలిగింది. "రేకే గద. పోతే పోతది."

సులోచన చిప్పలోంచి కొద్దిగా, వంటలో ఉప్పు వేసేంత భయంగా, నీలినీళ్లలో వంచింది. సోమాచారి రేకు వేలాడదీసి తీగలు తగిలించాడు. ఆండాళమ్మ పీట మీద కూర్చుంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. సులోచన తొట్టి పక్కనే నిలబడింది.

గంట దాటాక సోమాచారి రేకు పైకి తీశాడు. నీళ్లలో ముంచి కడిగాడు. కిటికీ దగ్గరికి వెళ్లి అంచు మీద బొటనవేలు రాశాడు. ఇంకో అంచు మీద రాశాడు. తర్వాత నాలుగు మూలలూ చూశాడు. రేకును మెల్లగా ఆండాళమ్మ చేతిలో పెట్టి గోడకు ఆనుకున్నాడు.

"అబ్బ, ఎంత నున్నగున్నది!" అంది ఆండాళమ్మ. "పిల్లా, ఆ చిప్పల ఏమున్నది?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వ్యవధి ఉంది. కొబ్బరినీళ్లంటే సరిపోయేది. సులోచన ఆ క్షణాన్ని పోనిచ్చింది.

"వజ్రమమ్మా. వడ్రంగులు వాడే బంక."

"దేనితో చేస్తరు?"

"తోలు ఉడకబెట్టి."

ఆండాళమ్మ రేకును కింద పెట్టేసి చేతులు కొంగుకు తుడుచుకుంది. కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే బాగుండేదని సోమాచారి తర్వాత చాలాసార్లు అన్నాడు. లేచి కవచాన్ని ఎర్రబట్టలో జాగ్రత్తగా చుట్టుకుంది. "నీ తప్పు లేదు పిల్లా. అది నేను సాక్షిగ ఎక్కడన్న చెప్త. గాని మా స్వామికి గిది ఒద్దు," అని బండెక్కింది.

బండి చప్పుడు వినపడనంత దూరం పోయాక సోమాచారి నోరు తెరిచాడు. "చాటుగ ఏస్తే నీ సొమ్మేం పోయె? కవచం దక్కుతుండె, మాట దక్కుతుండె!"

"మీకు దక్కేవి. నాకు దక్కేవి కావు," అంది సులోచన. అని పాకలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతను చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఊరుకోనూ లేదు. బంక వేసి చూశాడు, వేయకుండా చూశాడు, వేసి బొగ్గుతో వడకట్టి చూశాడు. మొండిగా చిప్పెడు బంక గుమ్మరిస్తే పూత ఉల్లిపొరలా లేచి ఊడొచ్చింది. ఆమె బయట ఉన్నప్పుడు చూశాడు, ఇంట్లో ఉన్నప్పుడు చూశాడు. రాగికి బంకతో తప్ప ఆమెతో పనే లేదని రేకు రేకూ చెబుతుంటే, మొహం గంటు పెట్టుకుని ఒక్కొక్క దాన్నే మూలకు విసిరేసేవాడు. ఇసుక పడినా ఇప్పుడు అరవడం మానేశాడు. అరిచినంత సులువుగా ఒప్పుకోలు రాదు కదా మగవాడికి.

ఎండాకాలంలో ఆండాళమ్మ మనిషిని పంపింది. స్వామికి కవచం తొడుగుతున్నారు, ఇద్దరూ రావాలని. సోమాచారి వెళ్లనన్నాడు, మళ్లీ తనే ముందు తయారయ్యాడు. తన పనిని ఎవడు ఎట్లా చేశాడో చూడాలి. మిర్యాలగూడలో బస్సు దిగి, బండి కట్టించుకుని వెళ్లారు.

గర్భగుడిలో దీపాల వెలుగులో స్వామి ముఖం మళ్లీ వచ్చింది. ముక్కు, పెదవులు, కనుబొమల విల్లు, అన్నీ. "పట్నంల ఎంతో మడితోటి చేసిన్రట," అంటోంది ఆండాళమ్మ అందరితో. సోమాచారి ముందుకు జరిగి జరిగి కవచం అంచు దగ్గర కళ్లు పెట్టాడు. ఇసుక ఎప్పుడూ ముందు పడేది అంచుల మీదే. ముక్కు కొన మీద గానీ, చెవి మడతల మీద గానీ, కిరీటం అంచు మీద గానీ, ఒక్క గింజ లేదు. అంత నునుపు దేని వల్ల వస్తుందో ఇప్పుడు అతనికి తెలుసు, పట్నం వాళ్లూ బంకే వేశారు. సికింద్రాబాదు యజమాని తనకు చెప్పకుండా దాచింది ఏమిటో కూడా అప్పుడే తెలిసింది.

అతని మెడ నరాలు ఉబ్బాయి. అరవబోతున్నాడని సులోచనకు అర్థమైంది. అరిస్తే గుడంతా వినపడుతుంది. చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది. అతను నోరు మూసుకున్నాడు.

ఆండాళమ్మ ఇది చూసింది. జనం పలచబడ్డాక సులోచనను స్తంభం పక్కకు పిలిచింది. "నిజం చెప్పు పిల్లా. దీంట్ల గూడ...?"

"స్వామి ముఖం కనపడుతుందా అమ్మా?"

"కనపడుతున్నది."

"ఇన్నాళ్లకు కనపడింది కదా. చూసుకోండి."

ఆండాళమ్మ లోపలికి తిరిగి స్వామికి దండం పెట్టుకుంది. మళ్లీ అడగలేదు. ప్రసాదం మాత్రం ఎవరితోనో ఇప్పించకుండా తనే తెచ్చి సులోచన దోసిట్లో పెట్టింది.

తిరిగొచ్చే బండిలో సోమాచారి ఎదురుగా ఎడ్ల వీపులు చూస్తూ అన్నాడు: "ఇన్నేండ్లు నిన్ను అన్నయి..."

"అన్నీ గుర్తున్నాయి నాకు," అంది సులోచన. ఓదార్చాలని ఆమెకు అనిపించలేదు.

తర్వాతి నెల ఆమె పాకలో ఉండగా పెరట్లో అడుగుల చప్పుడైంది. పెళ్లయినప్పటి నుంచి ఆ రోజుల్లో సోమాచారి పాక దరికి వచ్చిందే లేదు. ఇప్పుడు కొబ్బరి చిప్ప పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ముందు వారమే అతను చెక్క తొట్టిలో పిడకలు పారబోసి, కడిగి, లోపల కొత్త లక్క పట్టించి ముందు గదికి మోయించుకున్నాడు.

"బ్యాండు మేళం వాళ్ల బూరలు వచ్చినయి. తేజాబు పోసిన. బంక నువ్వొచ్చి పొయ్యాలె. నా చేతికి లెక్క కుదురుతలేదు."

లెక్క అతనికి ఎప్పుడో కుదిరిందని ఆమెకు తెలుసు. రోజూ మూలకు పడే రేకులు చూస్తూనే ఉంది. అయినా లేచింది. అతని వెనకే పెరడు దాటి, వంటిల్లు దాటి, ముందు గదిలోకి వచ్చింది. నాన్న తొట్టి ముందు నిలబడి చిప్ప కొద్దిగా వంచింది. కిటికీలోంచి ఎండ నీళ్ల మీద పడుతోంది. కాసేపటికి ఆ వాసన లేచింది.

సోమాచారి బూర పైకి తీసి కడిగాడు, అంచు మీద బొటనవేలు రాశాడు. ఆ తర్వాత గుమ్మంలోకి నడిచి, రోడ్డు వైపు తిరిగి, ఇన్నేళ్లూ ఏ గొంతుతో అరిచాడో అదే గొంతుతో అరిచాడు.

"నునుపొచ్చింది! మా ఇంటామె బయట ఉన్నది, ఆమె చేతితోనే ఏసింది! నునుపొచ్చింది!"

ఎడ్లబండి తోలేవాడు తిరిగి చూశాడు. బావి దగ్గర చేద లాగుతున్న ఆడవాళ్ల చేతులు ఆగాయి. సులోచన వంటింట్లోకి తప్పుకోలేదు. కొబ్బరి చిప్ప చేత్తో పట్టుకుని, అందరికీ కనిపించేలా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.